మూడు గంటల నీళ్ళు

కాలేజీ గేటు బయట కారు దిగగానే తడిసిన మట్టి వాసన వచ్చింది. జనవరి నెల, మధ్యాహ్నం మూడు దాటింది. కొండ నీడ అప్పటికే పార్కింగ్ సగానికి పాకింది. ఆ నీడలో మంకీ క్యాప్ పెట్టుకున్న బంగ్లాదేశీ పనివాడు ఒకడు దుమ్ము లేవకుండా పైపుతో నీళ్ళు చల్లుతున్నాడు. ఎండలో ఉన్న సగం వదిలేసి నీడలో ఉన్న సగం తడుపుతున్నాడు. అది ఈ రోజు ఆరదు. నేను ఉన్నచోటే వంగి అరచెయ్యి నేలకు ఆనించాను. అటుగా వెళ్తున్న ఇద్దరు విద్యార్థులు ఆగి, "ఏమైనా పడిపోయిందా, అమ్మూ?" అని అరబ్బీలో అడిగారు. పెద్దవాళ్ళను వాళ్ళు బాబాయ్ అని పిలిచే పిలుపు అది. లేదన్నాను. చేతికంటిన మట్టిని చాలాసేపు దులుపుకోలేదు.

ఈ కాలేజీలో ఏటా చలికాలంలో పాత విద్యార్థులకూ ఇప్పటి విద్యార్థులకూ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంది. ఒమన్‌లో మిగతా నెలల్లో పగటి పూట బంతి ఆడడం కుదరదు. ఈ లోపలి కొండ ప్రాంతంలో జనవరిలో మాత్రం సాయంత్రానికి వేళ్ళు కొంకర్లు పోతాయి. నేను తీరం వైపు ఖురంలో ఉంటాను, ఇక్కడికి రెండు గంటల దారి. అయినా చదువు ముగిసిన ఇరవై నాలుగేళ్ళలో ఒక్క మ్యాచ్‌కూ రాలేదు. ప్రతి ఏడూ డ్యూటీ ఉందనేవాణ్ణి. ఈసారి వచ్చింది ఆట చూడటానికి కాదు. రాజేశం అనే మనిషి గురించి ఒకరికి ఒక మాట చెప్పడానికి వచ్చాను. ఆయన ఎవరో చదివేవాళ్ళకు తెలియదు. తెలిసినవాళ్ళకు తెలిసిందేమో తప్పు. ఆ తప్పు నావల్ల జరిగింది కాబట్టి ఇది రాస్తున్నాను.

మా నాన్న ఒక మెయింటెనెన్స్ కంపెనీలో స్టోర్‌కీపరు. మేం సీబ్‌లో ఉండేవాళ్ళం. ఆ కంపెనీయే ఈ కాలేజీకి పనివాళ్ళను పంపేది. కంపెనీ యజమానిని అందరూ అర్బాబ్ అనేవాళ్ళు. నాకు ఇక్కడ సీటు ఆయన మాట మీదే వచ్చింది. హాస్టల్‌లో చేరిన మొదటి వారం నేను మైదానం పక్కనుంచి నడుస్తుంటే ఎవరో తెలుగులో నీళ్ళ పైపును తిడుతున్నారు. "నీ తల్లి, మళ్ళ మెలిపడ్డవా? నిన్న గాదా సక్కగ జేసింది?" నలభై అయిదేళ్ళ మనిషి, బక్కపల్చగా, మెడలో బూడిద రంగు మఫ్లరు, కాళ్ళకు చెప్పుల్లేవు. నేను నవ్వానేమో, తలెత్తి చూశాడు.

"తెలుగోనివా? ఏ ఊరు బిడ్డా?"

"సీబ్."

"సీబు ఊరాయె? గది విమానాలు దిగే కాడ గదా. మీ నాయిన ఊరేది?"

"కోరుట్ల దగ్గర."

"గట్ల చెప్పు మరి! సొంతూరు అడిగితె బతికే ఊరు చెప్తవు." అంటూ పైపు నా చేతికిచ్చి, మెలిక తీయమన్నాడు. అప్పటినుంచి ఆయన నాకు కాక అయ్యాడు, నేను ఆయనకు సీను బిడ్డ అయ్యాను.

రాజేశం కాక జగిత్యాల వైపు ఒక పల్లెకు నీరటి. చెరువు తూము దగ్గర కూర్చుని ఏ పొలానికి ఎంతసేపు నీళ్ళు వదలాలో, ఎప్పుడు ఆపాలో చూసే పని వాళ్ళ ఇంటిది. వాళ్ళ తాతది, నాన్నది, ఆయనది. వానలు తప్పి చెరువు ఎండిన ఏళ్ళలో గల్ఫ్‌కు వచ్చాడు. ఇక్కడ కంపెనీ వాళ్ళు ఆయన్ను చూసి మైదానం అప్పగించారు. అప్పుడది మట్టి మైదానం. వాన పడితే తప్ప పారని వాగును ఇక్కడ వాది అంటారు. ఆ వాది నుంచి తెచ్చిన బంకమన్ను పరిచి రోలరు తిప్పేవాళ్ళు. ఎండితే దుమ్ము, తడిస్తే సబ్బు. దాన్ని ఆ రెంటికీ మధ్య నిలపడం ఆయన పని. "నీళ్ళు ఇడుసుడు ఎవలన్నా ఇడుస్తరు బిడ్డా. ఎప్పుడు బంజేసుడో తెల్వాలె" అనేవాడు. ఎండాకాలంలో ఆటకు గంట ముందు తడిపినా సరిపోతుంది. చలికాలంలో పొద్దున తొమ్మిదికి ముందే తడిపి ముగించాలి. ఎందుకంటే మూడింటికల్లా ఉత్తరం వైపు గోల్ కొండ నీడలోకి పోతుంది, ఇక ఆ మన్ను ఆరదు. ఇది ఆయనకు ఎవరూ చెప్పలేదు. మొదటి చలికాలమంతా చెప్పుల్లేకుండా మైదానం మీద తిరిగి తెలుసుకున్నాడు.

నేను పొడుగ్గా ఉండటం తప్ప ఫుట్‌బాల్‌కు పనికొచ్చే గుణమేమీ లేనివాణ్ణి. అందుకే నన్ను గోల్‌కీపర్‌ను చేశారు. గోల్ వెనక కాక వచ్చి గొంతుకూర్చునేవాడు. ఆయనకు ఆట నియమాలు చివరిదాకా తెలియవు. ఎందుకు విజిల్ వేశారని ప్రతిసారీ అడిగేవాడు. కానీ నేల ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ కుంగిందో తెలుసు. "కుడి దిక్కు తెల్ల రాయి కాడ దిబ్బ ఉన్నది. బంతి ఆడ పడితె నీ మొకం మీదికి లేస్తది, సూసుకో." ఒకసారి నా చెయ్యి పట్టుకుని నేలకు ఆనించి అడిగాడు.

"ఎట్లున్నది?"

"చల్లగా ఉంది."

"పైన సల్లగున్నదా, లోపట సల్లగున్నదా?"

"తేడా ఏముంది కాకా?"

"గదే తెల్వకనే మీరు కాలేజీలకు వస్తుండ్రు" అని పకపకా నవ్వాడు. తర్వాత ఓపికగా చెప్పాడు. చెయ్యి పెట్టి పది లెక్కపెట్టాలి. చల్లదనం తగ్గితే పైతడి, పెరిగితే లోతడి. లోతడి ఉన్న చోట కాలు నిలవదు. ఆ చలికాలం నేను ఆపిన బంతుల్లో సగం ఆయన చెప్పిన దిబ్బల పుణ్యమే. పేరు మాత్రం నాకు వచ్చింది. మా క్లాసులో నా పక్కన కూర్చునే సలీం అనే ఒమానీ కుర్రాడు డిఫెన్స్‌లో ఆడేవాడు. అతను నిజమైన ఆటగాడు. "నీ గోల్ వెనక మీ బాబాయ్ మంత్రాలు చదువుతున్నాడు, లేకపోతే నువ్వు ఆపడమేమిటి?" అని వెక్కిరించేవాడు. అంతేగాని కాక పేరు అతను ఎన్నడూ అడగలేదు. మాలో ఎవరూ అడగలేదు. అందరికీ ఆయన మైదానం మనిషి, అంతే.

మా రెండో ఏడు జనవరిలో తీరం వైపు కాలేజీ జట్టుతో మ్యాచ్ పెట్టారు. పట్నం క్లబ్బు వాళ్ళు సలీంను చూసి తీసుకోవడానికి వస్తున్నారని తెలిసింది. క్రితం ఏడు ఆ గట్టి నేల మీద దూకి నా మోచేతులూ మోకాళ్ళూ చీరుకుపోయాయి. ఈసారి నేను టీవీలో చూపించినట్టు గాల్లోకి లేచి పక్కకు దూకాలనుకున్నాను. చూసేవాళ్ళు నన్ను కూడా చూడాలని నా కోరిక. గోల్ ముందు నేల కొంచెం మెత్తగా ఉంటే చాలు. ముందు రోజు కాకను అడిగాను.

"మూడింటికి ఉత్తరం గోల్ కాడ కొంచెం తడపవా?"

"మూడింటికా? పిచ్చి లేసిందా? కాళ్ళిరుగుతయి."

"కొంచెమే కాకా."

"కొంచెం లేదు, జెర లేదు. సలికాలం మూడింటికి సుక్క నీళ్ళు ఇడువ."

మ్యాచ్ రోజు పొద్దున తొమ్మిదికి ఆయన తడిపి, రోలరు తిప్పి, సున్నం గీతలు గీశాడు. మధ్యాహ్నం నుంచి అతిథుల షామియానా కింద కుర్చీలు వేయడానికి సూపర్‌వైజరు ఆయన్ను పిలుచుకుపోయాడు. నేను అక్కడికి వెళ్ళి, బంతికి గాలి కొట్టే పంపు కావాలని పంపుగది తాళంచెవి అడిగాను. ఆయన చేతుల్లో రెండు కుర్చీలున్నాయి. నడుము చూపించి, మొలతాడుకున్న తాళంచెవి నన్నే తీసుకోమన్నాడు. ఎందుకని అడగలేదు.

మూడింటికి పైపును ఉత్తరం గోల్ ముందు పడేసి వాల్వు తిప్పాను. పది నిమిషాలనుకున్నాను. ఈలోగా స్నేహితులు పిలిస్తే వెళ్ళి అల్లం పాలు తాగాను. తిరిగొచ్చేసరికి ఎంతసేపయిందో తెలియదు, గోల్ ముందు నేల నల్లగా మెరుస్తోంది. కాక చూస్తే ఆట ఆపిస్తాడని భయం వేసింది. గోడ పక్కన గుట్టగా పోసిన పొడి ఇసుక దోసిళ్ళతో తెచ్చి పైన చల్లాను. కాలితో సమం చేశాను. చూడటానికి అంతా ఒకే రంగుకు వచ్చింది. ఎక్కువ నీళ్ళు పెట్టడం పొరపాటు. ఆ ఇసుక పొరపాటు కాదు. ఇన్నేళ్ళూ నన్ను నిద్రపోనివ్వనిది ఆ ఇసుకే.

మొదటి సగం మేము దక్షిణం వైపు గోల్ కాపాడాం, ఏమీ కాలేదు. అవతలివాళ్ళ గోల్ ముందుకు పోయే అవకాశం మాకు పెద్దగా రాలేదు, వాళ్ళ గోల్‌కీపరు కదలాల్సిన పనీ పడలేదు. రెండో సగంలో వైపులు మారి నేను ఉత్తరం గోల్‌లో నిలబడ్డాను. అడుగు పెట్టగానే తెలిసింది. కాలి కింద ఇసుక జరిగింది, దాని కింద మన్ను జారింది. రెఫరీకి చెప్పవచ్చు. చెప్పలేదు. కాసేపటికి బంతి నా తల మీదుగా గోల్ వైపు పోతుంటే సలీం వెనక్కి పరిగెత్తుతూ, "శ్రీనీ, ఉండు, నేనున్నా!" అని అరిచాడు. తిరగబోయాడు. ఆనించిన కాలు నిలవలేదు. రెండో కాలు ఇనుప స్తంభానికి తగిలింది. ఆ చప్పుడు గురించి రాయను.

అందరికన్నా ముందు వచ్చింది కాక. సలీం తల తన ఒడిలో పెట్టుకుని, ఆ కాలు కనబడకుండా మఫ్లరు కప్పాడు. అంబులెన్స్ వెళ్ళిపోయాక అక్కడే కూర్చుని నేలకు చెయ్యి ఆనించాడు. తర్వాత వేళ్ళతో తవ్వాడు. పైన పొడి ఇసుక, కింద నల్లటి బంక. ఇసుక గుప్పిట్లో తీసుకుని గోడ పక్కన గుట్ట వైపు చూశాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు.

"పో బిడ్డా. చేతులు కడుక్కో" అన్నాడు. అంతే.

మర్నాడు పొద్దున ఆయన్ను ఆఫీసుకు పిలిచారు. కాలేజీ అధికారి ఒమానీ. కంపెనీ మేనేజరు ఈజిప్టు మనిషి, హిందీ రాదు. కాకకు అరబ్బీ పని మాటలే తప్ప రాదు. తెలుగూ అరబ్బీ రెండూ వచ్చినవాడు కావాలని నన్ను పిలిపించారు. ఇక్కడ అది మామూలే. ఆసుపత్రిలో, పోలీస్ స్టేషన్‌లో, ఆఫీసుల్లో పిల్లలమే మా పెద్దవాళ్ళకు నోళ్ళుగా పనిచేసేవాళ్ళం. పనివాడు ఏమన్నాడో అవతలివాళ్ళకు మేం చెప్పినదే తెలుస్తుంది.

"నీళ్ళు ఎవరు పెట్టారో అడుగు" అన్నాడు మేనేజరు. అడిగాను.

కాక కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "పొద్దుగాల తొమ్మిదింటికి నేనే నీళ్ళు పెట్టిన. పగటీలి పెట్టలే. పగటీలి పెట్టినోళ్ళకు ఎరుక."

మూడు మాటలు. నాకు నాన్న గుర్తొచ్చాడు. అర్బాబ్ గుర్తొచ్చాడు. నాన్న వీసా, అమ్మ వీసా, నా సీటు, అన్నీ ఒక్క మనిషి సంతకం కింద ఉన్నాయి. నేను ఆ మూడింటిలో మొదటిదాన్ని మాత్రమే అరబ్బీలోకి మార్చాను. అందులోనూ పొద్దున అన్నది తీసేశాను. "నేనే నీళ్ళు పెట్టానంటున్నాడు" అన్నాను.

ఆ మధ్యాహ్నమంతా ఆయన కుర్చీలు మోస్తుండగా చూసినవాళ్ళు ఇరవై మంది ఉన్నారు. ఆయనే ఒప్పుకున్నాడని నేను చెప్పాక, ఎవరినీ అడిగే పని లేకుండా పోయింది. అధికారి అరబ్బీలో రాసి కాగితం ముందుకు తోశాడు. కాక పెన్ను పట్టుకుని నన్ను అడిగాడు.

"ఏం రాసిండ్రు బిడ్డా?"

"జరిగిందే రాశారు కాకా."

ఆయన తెలుగులో, ఒక్కో అక్షరం ఆగి ఆగి, సంతకం పెట్టాడు. ఆయనకు నేను మాట మార్చింది తెలియదని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ ఆ మనిషి ఒమన్‌లో తొమ్మిదేళ్ళు ఉన్నాడు. రోజుకు అయిదుసార్లు మసీదు నుంచి నమాజు పిలుపు బాంగు వినేవాడు. పొద్దును సబా అంటారని, మూడు గంటల వేళను అస్ర్ అంటారని ఎవరూ నేర్పకుండానే వస్తుంది. ఆ గదిలో నా నోట ఆ రెండు మాటల్లో ఒక్కటీ రాలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది.

మూడో రోజు ఆయన్ను తీసుకుపోవడానికి కంపెనీ పికప్ వచ్చింది. వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తున్నారు. పంపుగది ముందు ఆయన ఉతికిన మఫ్లరు మడతపెడుతున్నాడు. రక్తం మరక పూర్తిగా పోలేదు.

"కాకా, నేను వెళ్ళి మాట్లాడతాను" అన్నాను.

"ఎవలతోని? టికెటు అయిపాయె గదా."

నేను ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు. సంచీ మూతి కట్టి, అప్పుడు అన్నాడు. "నీ పేరు నా నోట రావద్దనుకున్న. నీ నోటనే వస్తదని సూసిన." కోపంగా అనలేదు. ఒక పొలానికి నీళ్ళు ఎక్కలేదని చెప్పినట్టు అన్నాడు. పికప్ ఎక్కాక, "ఆ పిలగాని కాలు ఎట్లున్నదట?" అని అడిగాడు. మళ్ళీ ఆపరేషన్ చేయాలన్నారని చెప్పాను. తల ఊపి, "పో, నీకు క్లాసుకు ఆల్సెమైతది" అన్నాడు. నేను క్లాసుకు వెళ్ళాను.

తర్వాత నేను ఎదిగాను. ఇప్పుడు నాది కూడా అలాంటి కంపెనీలోనే ఉద్యోగం. నా కింద పనివాళ్ళున్నారు. ఏ పనివాడి మాటైనా నేను ఆఫీసులో చెప్పాల్సి వస్తే, అతను అన్నది అన్నట్టు, తిట్టయినా సరే, మొత్తం చెబుతాను. సంతకానికి ముందు కాగితం మొదటినుంచి చివరిదాకా వాళ్ళ భాషలో చదువుతాను. మేనేజర్లు విసుక్కుంటారు, పనివాళ్ళు నన్ను మంచివాడంటారు. ఎవరివల్ల నేర్చుకున్నానో, ఎవరిని ముంచి నేర్చుకున్నానో ఎప్పుడూ చెప్పలేదు. రాజేశం కాకను వెతకనూ లేదు. వెతికితే దొరుకుతాడని భయం.

రెండు నెలల కిందట సహం అనే ఊళ్ళో ఒక సైట్ చూడటానికి వెళ్ళాను. అక్కడ గంగాధర్ అనే తాపీమేస్త్రీ భోజనాల వేళ తన ఊరి పేరు చెప్పాడు. కాక ఊరు. నేను అడగకుండా ఉండలేకపోయాను.

"నీరటి రాజేశమా? మా వాడకట్టే సార్. పోయిండు, నాలుగేండ్లాయె."

"ఇక్కడినుంచి వెళ్ళాక మళ్ళీ తూము దగ్గర పని చేశాడా?"

"యాడిది సార్! తూము తాళం ఎవలిస్తరు? దేశం గాని దేశంల నీళ్ళ కాడ తప్పుజేసి, పిలగాని కాలిరగ్గొట్టి అచ్చిండని ఆయన ఎనుకనే మాట అచ్చింది. ఆయన చిన్నాయిన కొడుక్కిచ్చిండ్రు. చెరువులు నిండినంక గూడ ఆయన కట్ట దిక్కు పోకపోయేది. కూలికి పోయెటోడు."

"తాను చేయలేదని చెప్పలేదా?"

"ఒక్కపారి అన్నడట, 'నేను పెట్టలే' అని. గల్ఫుల దెబ్బతిని అచ్చినోళ్ళందరు గట్లనే అంటరు గదా సార్. ఎవలు నమ్ముతరు?" అంటూ అతను పెరుగన్నం కలుపుకున్నాడు. నేను అన్నం ముందునుంచి లేచాను.

ఇదీ నేను ఈ మ్యాచ్‌కు వచ్చిన కారణం. బహుమతులివ్వడానికి సలీం వస్తున్నాడని పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. అతను ఇప్పుడు ఒక బడిలో టీచరు. చేతికర్రతో మెట్లెక్కుతుంటే ఒక కాలు మరోదానికన్నా పొట్టి అని తెలుస్తుంది. నన్ను చూడగానే కర్ర పక్కన పెట్టి కౌగిలించుకున్నాడు. పక్కనున్న తన కొడుకుతో, "ఇతనే, నీకు చెప్పానే, మా గోల్‌కీపరు. మంత్రాల బాబాయ్ ఉన్నంతకాలం బాగానే ఆపాడు. ఆ బాబాయే చివరికి నా కాలు విరగ్గొట్టాడు" అని నవ్వాడు. ఈ మాట అతను ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో అతని కొడుకు ముఖంలో తెలిసింది. ఆ పిల్లవాడు ఆట చూడటానికి కిందికి వెళ్ళాక చెప్పాను. తాళంచెవి, వాల్వు, ఇసుక, ఆఫీసు గది, ఊళ్ళో ఆయన మీద పడ్డ నింద, ఆయన చావు. దాచకుండా, వరుసగా.

కింద కుర్రాళ్ళు ప్లాస్టిక్ గడ్డి మీద దూకుతున్నారు, లేస్తున్నారు. ఎవరికీ ఏమీ కావడంలేదు.  గాలికి సలీం కళ్ళలో నీళ్ళొస్తున్నాయో, మరేమిటో తెలియలేదు.

"ఇసుక కూడా చల్లావా?" అన్నాడు.

"చల్లాను."

"నేనున్నానని అరిచాను కదా నీకు. విన్నావా?"

"విన్నాను."

అతను కర్ర చేతిలోకి తీసుకున్నాడు. "క్షమించమని అడగకు. ఈ కాలితో బతకడం నేర్చుకున్నాను, దాని సంగతి వదిలెయ్. ఇన్నేళ్ళు నా చేత వేరే మనిషిని తిట్టించావు. నా పిల్లల చేత తిట్టించావు. అతని పేరేమిటి?"

చెప్పాను. అతను నోరు తిరగక రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి సరిగ్గా అన్నాడు. "రాజేశం. అతనికి ఎవరున్నారు?"

"ఒక కొడుకు ఉన్నాడట. ఊళ్ళోనే ట్రాక్టరు నడుపుతాడు."

"అయితే నాకు చెప్పి ఏం లాభం? నాకు ఆ మనిషిని తెలియనే తెలియదు. ఆ ఊరికి చెప్పు. మీ భాషలో రాయి. ఈసారి మొత్తం రాయి." బహుమతులకు మైకులో పిలుస్తున్నారు. నేను చెయ్యి అందించబోయాను. అతను పట్టుకోలేదు. ఒక్కో మెట్టే కర్ర ఆనిస్తూ దిగి వెళ్ళిపోయాడు. అతను నాతో మళ్ళీ మాట్లాడతాడని అనుకోను.

అందుకే ఇది రాశాను. గంగాధర్ ద్వారా మొదటి ప్రతి కాక కొడుక్కు పంపుతున్నాను. అతను ఊళ్ళో ఎవరికి చదివి వినిపించినా, నా పేరు, మా నాన్న ఊరి జాడ అన్నీ ఇందులో ఉన్నాయి. ఇప్పుడు నాకు అప్పటి ఆయన వయసు. నేలకు చెయ్యి ఆనించి పది లెక్కపెట్టడం ఇప్పటికీ మానలేదు, లోతడి ఇప్పటికీ గుర్తుపట్టగలను. ఆయన నాకిచ్చింది అది. ఆయనకు నేను ఇవ్వాల్సింది ఆ రోజు ఆఫీసులో మూడు మాటలు. మొత్తం ఇవీ:

పొద్దున తొమ్మిదింటికి నీళ్ళు పెట్టింది రాజేశం. మధ్యాహ్నం ఆయన పెట్టలేదు. మధ్యాహ్నం మూడింటికి పెట్టింది నేను.